మంచు మీద వాన పడితే జింకకేం కష్టం?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల కస్తూరి మృగం గురించి రాశాక, మంచు దేశాల జింకల మీద వరసగా ఉత్తరాలు వచ్చాయి. ఒకే మాట అడిగినవాటిని కలిపేశాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. కాలేజీలో జువాలజీ చెప్పిన రోజుల్లో కూడా ఈ పాఠం దగ్గర గంట కొట్టినా ఆపేదాన్ని కాదు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా మనవరాలు ఏడో తరగతి. వాతావరణ మార్పు వల్ల ఆర్కిటిక్ జింకలు తగ్గిపోతున్నాయా అన్నదాని మీద బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారు. పిల్ల 'అవును' అని రాసింది. మా అబ్బాయి చూసి, 'ఈ జింకలు ఎప్పుడూ ఇంతే, కొన్నేళ్ళు పెరుగుతాయి, కొన్నేళ్ళు తగ్గుతాయి. ప్రతిదానికీ వాతావరణం అంటే ఎలా?' అన్నాడు. రెండు రోజులుగా తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు. పిల్లను ఏం రాయమంటారు?
(ఒక తాతగారు, వేళచ్చేరి, చెన్నై)

జవాబు: అన్నయ్యగారూ, మీ మనవరాలు రాసింది నిజం. మీ అబ్బాయి అన్నదీ నిజమే. కాకపోతే రెండో నిజాన్ని అడ్డం పెట్టి మొదటిదాన్ని కొట్టేయడం కుదరదు.

ఏ జింక గురించి మాట్లాడుతున్నామో ముందు చెబుతాను. యూరప్, రష్యాల్లో రెయిన్‌డీర్ అంటారు, అలాస్కా, కెనడాల్లో కారిబూ అంటారు. జాతి ఒకటే. నార్వే నుంచి సైబీరియా దాకా కొన్నిటిని మనుషులు మందలుగా మేపుకుంటారు, మిగతావి అడవివి. అడవి మందల్లో చాలావరకు వేసవి మొదట్లో టండ్రా మైదానాలకు వెళ్ళి ఈనుతాయి, చలికాలానికి దక్షిణంగా చెట్లున్న చోటికి దిగుతాయి. రానూ పోనూ వందల కిలోమీటర్ల నడక.

ఇప్పుడు లెక్కలు. అమెరికా ప్రభుత్వపు సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఏటా ఆర్కిటిక్ మీద ఒక నివేదిక వేస్తుంది. ఈ వలస మందలన్నీ కలిపి రెండు దశాబ్దాల్లో సుమారు 47 లక్షల నుంచి 21 లక్షలకు పడిపోయాయని 2018 నివేదికలో ఉంది. 2024 నివేదికకు వచ్చేసరికి తగ్గుదల 65 శాతం అన్నారు. మందలవారీగా చూస్తే ఇంకా బాధేస్తుంది. కెనడాలో బాథర్స్ట్ మంద 1986లో దాదాపు 4,70,000. 2018లో 8,200. 2021లో 6,240. క్విబెక్, లాబ్రడార్ ప్రాంతాల జార్జ్ నది మంద 1990ల మొదట్లో ఎనిమిది లక్షలు, 2018లో 5,500. అలాస్కాలో వెస్టర్న్ ఆర్కిటిక్ మంద 2003లో 4,90,000 ఉండేది, 2023లో 1,52,000. సైబీరియాలో తైమిర్ మంద 2000 ప్రాంతంలో పది లక్షల దాకా ఉండి, ఆ తర్వాత సగానికంటే తక్కువైంది. ఈ అంకెలు పక్కపక్కన రాసుకున్నప్పుడల్లా నాకు చెయ్యి ఆగిపోతుంది.

ఇంత పెద్ద మందను ఎవరు లెక్కపెట్టారని మీ అబ్బాయి అడగవచ్చు, అడగాలి కూడా. అలాస్కాలో వేసవిలో దోమలూ ఈగలూ కమ్ముకుంటాయి. వాటి బాధ తట్టుకోలేక జింకలు ఒకదాన్నొకటి ఆనుకుని వేలకు వేలు గుంపు కడతాయి. కొన్ని జింకల మెడలకు ముందే రేడియో పట్టీలు కట్టి ఉంటారు. వాటి సంకేతం పట్టుకుని విమానంలో వెళ్ళి పైనుంచి ఫొటోలు తీస్తారు. తర్వాత కూర్చుని ఆ ఫొటోల్లో జింకలను లెక్కపెడతారు. బాథర్స్ట్ మందనైతే జూన్‌లో అవి ఈనే చోటనే లెక్కిస్తారు. అంకెల్లో కొంత అటూ ఇటూ ఉంటుంది, కొన్ని ఆడజింకలు పక్క మందలో కలిసిపోవడమూ ఉంది. ఎంత సర్దినా నాలుగు లక్షల అరవై వేల తేడా అందులో ఇమడదు.

ఇక కారణం. ఆర్కిటిక్ వేడెక్కుతోందంటే జింక ఎండకు సొమ్మసిల్లి పడిపోతుందని పిల్లలు అనుకుంటారు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది, ఆ మాట వాస్తవం. కానీ పెద్ద దెబ్బల్లో ఒకటి చలికాలంలో తగులుతుంది. చలికాలమంతా ఈ జింకకు ముఖ్యమైన మేత లైకెన్. నేలను అంటిపెట్టుకుని తెల్లగా, బూడిదరంగుగా మెత్తగా పెరుగుతుంది. శిలీంధ్రమూ శైవలమూ ఒకదానికొకటి ఆసరాగా బతికే జీవి అది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఎదుగుతుంది. మంచు కింద ఉన్న లైకెన్ వాసన జింక పైనుంచే పసిగట్టి, ముందు గిట్టలతో తవ్వుకుని తింటుంది. పొడిమంచు అయితే తవ్వడం దానికి అలవాటే. నవంబరులో మంచు పడాల్సిన చోట వాన పడితే మాత్రం ఆ నీరు మంచులోకి ఇంకి, మళ్ళీ చలి తిరగబడగానే నేల మీద గట్టి పలకగా గడ్డకడుతుంది. గిట్ట దిగదు. గాదె నిండా ధాన్యం ఉండి తలుపుకు తాళం పడ్డట్టు, కాళ్ళ కింద మేత ఉండగానే జింక ఎండిపోతుంది. కడుపుతో ఉన్న ఆడజింకలకు అది మరీ కష్టం.

2013 నవంబరులో పశ్చిమ సైబీరియాలోని యమల్ ద్వీపకల్పంలో ఇలాగే జరిగింది. ఒక పగలూ రాత్రీ వాన కురిసింది. వెంటనే చలి మైనస్ 40కి దిగింది. ఆ మంచుపలక మళ్ళీ వసంతం దాకా కరగలేదు. నెనెట్స్ అనే సంచార ప్రజలు మేపుకునే జింకల్లో 61,000 ఆకలితో చచ్చిపోయాయి. అంతకు ముందు 2006 నవంబరు వానకు 20,000 పోయాయి. ఫిన్లాండ్‌లోని లాప్లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే బ్రూస్ ఫోర్బ్స్, ఆయన తోటి పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండు విపత్తులకూ సముద్రంతో ఉన్న ముడిని చూపింది. ఆ రెండు ఏళ్ళూ నవంబరు నాటికి ఆ ప్రాంతపు బారెంట్స్, కారా సముద్రాల మీద పేరుకోవాల్సిన మంచు బాగా తక్కువగా ఉంది. మూత లేని సముద్రం నుంచి తేమ గాలిలోకి లేచి, నేల మీదికి వచ్చి వానగా కురిసింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు వేళచ్చేరి వీధుల్లో పడవలు తిరగడం మీరు కళ్ళారా చూసే ఉంటారు. సముద్రం వెచ్చబడే కొద్దీ పైన గాలి ఎక్కువ తేమను మోస్తుంది. మన బంగాళాఖాతానికైనా ఆ కారా సముద్రానికైనా ఈ లెక్క ఒకటే.

నెనెట్స్ కుటుంబానికి జింక అంటే తిండి, చలికి తొడుక్కునే తోలు బట్ట, గుడారం కప్పు, బండి లాగే పశువు. మందలు పోగొట్టుకున్న కొందరు చేపలు పట్టుకుని బతికారు, ఈనే జింకలను అరువు తెచ్చుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అరవై ఒక్క వేలు అన్న అంకె పక్కన ఈ సంగతి కూడా పిల్ల రాయాలని నా కోరిక.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. మందలు పెరిగి తగ్గడం తరతరాలుగా ఉన్నదే. జార్జ్ నది ప్రాంతంలో స్ప్రూస్ చెట్ల వేర్లు నేల పైకి తేలి ఉంటాయి. జింకలు నడిచిపోతుంటే గిట్టలు తగిలి వాటి మీద గాయాలవుతాయి, మచ్చలు మిగిలిపోతాయి. వేరు వలయాలు లెక్కపెట్టి ఏ మచ్చ ఏ ఏటిదో తేల్చవచ్చు. అలా చూస్తే గత శతాబ్దంలోనే మంద బాగా పెరిగిన కాలమూ, బాగా పడిపోయిన కాలమూ కనిపించాయి. కెనడా ఉత్తరాన తరతరాలుగా ఉంటున్న ఇన్యూట్, డెనె జనాల పెద్దలు ఇదే సంగతి తమ తాతల నాటి నుంచీ చెబుతున్నారు. మంద మరీ పెరిగితే తన మేతను తానే తొక్కి, తిని పాడుచేసుకుంటుంది. బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ దీవి మీద 1944లో 29 రెయిన్‌డీర్లను వదిలారు. తోడేళ్ళు లేవు, వేటగాళ్ళు లేరు. 1963కి అవి 6,000 అయ్యాయి, దీవి మీది లైకెన్‌ను ఊడ్చేశాయి. ఆపైన ఒక గట్టి చలికాలం వచ్చింది. 1966లో మిగిలినవి 42. అక్కడ తప్పు వాతావరణ మార్పు మీద వేయలేం.

కానీ తగ్గిన మంద తిరిగి పెరగడానికి కొన్ని ఉండాలి కదా. చలికాలపు అడవిలో లైకెన్ ఉండాలి, నడిచే దారి తెరిచి ఉండాలి, ఈనే చోట అలజడి ఉండకూడదు. బాథర్స్ట్ మంద తిరిగే నేల మీద ఏకటి వజ్రాల గని 1998లో, డయావిక్ గని 2003లో మొదలయ్యాయి. గనికి రోడ్డు కావాలి, ఆ రోడ్డు మీద లారీలు, వాటి దుమ్ము. ఆడజింకలు అలాంటి చోట్లకు దూరంగా చుట్టూ తిరిగిపోతాయి. చలికాలానికి దిగే అడవుల్లో కార్చిచ్చులు. 2023 ఆగస్టులో యెల్లోనైఫ్ పట్నాన్ని మొత్తం ఖాళీ చేయించారే, ఆ మంటలు ఆ వాయవ్య కెనడా అడవులవే. కాలిపోయిన చోట జింక మేయగలిగినంత లైకెన్ రావాలంటే కొన్ని దశాబ్దాలు పడుతుంది. మంద పెద్దదిగా ఉన్నప్పుడు పెద్ద లెక్కలోకి రాని వేట కూడా, మంద చిన్నదయ్యాక భారమే అవుతుంది. అందుకే లాబ్రడార్‌లో జార్జ్ నది మంద వేటను 2013లో పూర్తిగా ఆపేశారు. తరాల తరబడి ఆ మాంసం మీద బతికినవాళ్ళను వేట మానమనడం చిన్న సంగతి కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. గనులు, రోడ్లు, వేట, తోడేళ్ళు, మందకు సహజంగా ఉండే ఎత్తుపల్లాలు, వీటి పాలు ఒక్కో మందకు ఒక్కో తీరుగా ఉంటుంది. వాతావరణ మార్పు ఈ మందలన్నిటి నేలనూ ఒకేసారి మారుస్తోంది. పడిన మంద పాత రోజుల్లోలాగా లేవకుండా అడ్డుపడుతున్నవాటిలో అది పెద్దది. మనవరాలిని 'అవును' అన్న మాట కొట్టేయొద్దనండి. దాని కింద ఒక పట్టిక వేయమనండి. ఒక్కో మంద పేరు, అప్పటి అంకె, ఇప్పటి అంకె, మూడో గడిలో ఆ మందకు ఏవేవి దెబ్బ తగిలించాయో. అందులో కొన్ని గడుల్లో వాళ్ళ నాన్న మాట కూడా చోటు చేసుకుంటుంది. ఒక్కరికి పని ఎక్కువ, ఇద్దరినీ కలిసి వేయమనండి.

ప్రశ్న: మేడమ్, వేడి వల్ల టండ్రా పచ్చబడుతోందని ఉపగ్రహ చిత్రాల్లో చూపిస్తున్నారు. మేత పెరిగితే జింకలకు లాభమే కదా? స్వాల్బార్డ్‌లో జింకలు పెరిగాయని కూడా చదివాను.
(ఇంజనీరింగ్ విద్యార్థి, పెరంబూరు, చెన్నై)

జవాబు: బాబూ, స్వాల్బార్డ్ సంగతి నువ్వు చదివింది సరైనదే, దాన్ని దాటవేయకూడదు. నార్వేకు ఉత్తరాన ఉన్న ఆ దీవుల్లో వేటతో జింకలు దాదాపు తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చాయి. 1925లో రక్షణ కల్పించారు. ఇప్పుడు సుమారు 22,000 ఉన్నాయని 2019లో వచ్చిన అధ్యయనం అంచనా. వేట ఆగడం ఒక కారణమైతే, వేసవి వెచ్చగా, పొడుగ్గా మారి మేత పెరగడం ఇంకో కారణం. అక్కడ తోడేళ్ళు కూడా లేవు.

అక్కడి జింకనే కాస్త దగ్గరగా చూడు. 1994లో పుట్టిన ఆడజింకలు పెద్దయ్యాక సగటున 55 కిలోలు తూగాయి. 2010లో పుట్టినవి 48 కిలోలు. వేసవిలో బాగా తిని ఎక్కువ పిల్లలను కంటున్నాయి, చలికాలంలో వాన మంచు వల్ల తిండి చాలక బక్కచిక్కుతున్నాయి. 2019 వేసవికి లెక్క చూస్తే చలికాలంలో ఆకలికి చచ్చిన జింకలు రెండు వందల దాకా కనిపించాయని నార్వే ధ్రువ పరిశోధన సంస్థ చెప్పింది. నేలంతా మంచుపలక పడ్డ ఏళ్ళలో కొన్ని జింకలు సముద్రపు ఒడ్డుకు దిగి అలలు తెచ్చిపడేసిన సముద్రపు నాచు తింటున్నాయి. అది వాటికి ఇష్టమైన తిండి కాదు, ఏమీ లేనప్పుడు నోట పెట్టుకునేది. తల లెక్క పెరిగిందన్న ఒక్క మాటతో ఆ మంద ఆరోగ్యం తేలదు.

మిగతా టండ్రాలో పచ్చదనం అంటావా, ఉపగ్రహానికి పచ్చగా కనబడేదంతా జింకకు మేత కాదు. వేడికి అక్కడ ఎక్కువగా లేస్తున్నవి మరుగుజ్జు బిర్చ్ లాంటి పొదలు. వాటి ఆకుల్లో, కొమ్మల్లో మేతపశువును దూరం పెట్టే పదార్థాలుంటాయి. పొద పెరిగిన చోట దాని నీడకు లైకెన్ వెనక్కి పోతుంది. ఉత్తర అమెరికాలో పచ్చదనం పెరిగిన చోట్ల కారిబూ తగ్గాయని 2017లో ఒక పరిశోధన బృందం చూపింది. నువ్వు లెక్కలు చేసే పిల్లవాడివి కాబట్టి ఒక మాట గుర్తుపెట్టుకో. మేత ఎంత అన్నదానితో పాటు ఏ మేత, ఎప్పుడు అన్నవి కూడా సమీకరణంలో ఉండాలి.

ఆ 'ఎప్పుడు' గురించి ఎరిక్ పోస్ట్ అనే శాస్త్రవేత్త పశ్చిమ గ్రీన్లాండ్‌లో కాంగర్లుసువాక్ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశాడు. లేత చిగురులో మాంసకృత్తులు ఎక్కువ, ముదిరే కొద్దీ తగ్గిపోతాయి. పాలిచ్చే తల్లి జింకకు ఆ లేత చిగురే కావాలి. వసంతం ముందుకు జరగడంతో చిగుళ్ళు ముందే వచ్చేస్తున్నాయి. జింకకు ఈనే రోజు అంత తొందరగా మారదు. తల్లి ఈనేసరికి మేత ముదిరిపోతోంది. అక్కడ అలాంటి ఏళ్ళలో పుట్టే పిల్లలు తగ్గాయి, పుట్టినవాటిలో చావులు పెరిగాయి.

దోమల సంగతి పైన చెప్పాను. అవి కాక ఇంకో రెండు రకాల ఈగలున్నాయి. ఒకటి జింక వెంట్రుకల మీద గుడ్లు పెడుతుంది, పురుగులు చర్మం కిందికి దొలుచుకుని పోయి వీపులో పెరుగుతాయి. రెండోది ముక్కులోనే పురుగులను వదులుతుంది, అవి గొంతు దాకా దిగుతాయి. ఎండ, గాలి లేకపోవడం ఈ ఈగలకు అనుకూలం. అవి ముసిరిన రోజున జింక మేయడం మానేసి గాలి వీచే గుట్ట మీదికో, కరగకుండా మిగిలిన మంచు ముక్క మీదికో పోయి నిలబడుతుంది, లేదా పరుగెత్తుతూనే ఉంటుంది. అక్కడి వేసవి చిన్నది, చలికాలానికి కొవ్వు పట్టించుకోవాల్సిన రోజులు అవే.

ప్రశ్న: సైబీరియాలో మంచు కరిగి పాత కళేబరం బయటపడి, ఆంత్రాక్స్ సోకి జింకలు చనిపోయాయని విన్నాం. నిజమేనా, పుకారా?
(గృహిణి, అంబత్తూరు, చెన్నై)

జవాబు: నిజమేనమ్మా. 2016 వేసవిలో యమల్‌లోనే జరిగింది. మన పల్లెల్లో దొమ్మ రోగం అంటారే, అదే. అక్కడ అంతకు ముందు 1941లో వచ్చింది, మళ్ళీ 75 ఏళ్ళకు. రెండు వేలకు పైగా జింకలు చనిపోయాయి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకడు పోయాడు, పదుల కొద్దీ మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. ఆ వేసవిలో ఎండ 35 డిగ్రీల దాకా వెళ్ళింది. ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల మామూలు కంటే లోతుగా కరిగి, ఎప్పుడో చచ్చిన పశువుల నుంచి మట్టిలో నిద్రపోతున్న బీజాలు పైకి వచ్చాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

అయితే ఇంకో సంగతి కూడా ఉంది, వార్తల్లో అది సరిగా రాలేదు. అక్కడ జింకలకు వేసే దొమ్మ టీకా 2007లో ఆపేశారు. చాలా ఏళ్ళుగా రోగం కనబడలేదు, ఇక అక్కర్లేదనుకున్నారు. ఆ ఏటి ఎండను ఎవరూ ఆపలేకపోయేవారు, టీకా మాత్రం చేతిలో ఉన్న పని. విపత్తు తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. మన పల్లెల్లో గొర్రెలకు ఏటా దొమ్మ టీకా వేయించుకోమని పశువైద్యులు పోరుతుంటారే, పోయినేడు రాలేదు కదా అని మానేయొద్దని మీ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పండి.

ప్రశ్న: ఆంటీ, క్రిస్మస్ కార్డుల మీద బండి లాగే జింకలు మగవా, ఆడవా?
(అయిదో తరగతి, వేపేరి, చెన్నై)

జవాబు: బంగారూ, కొమ్ములు చూసి చెప్పొచ్చు. జింక జాతులన్నిటిలో ఆడవాటికి కూడా మామూలుగా కొమ్ములుండేది రెయిన్‌డీర్‌కు మాత్రమే. పెద్ద మగజింకలు జతకట్టే కాలం అయిపోయాక, డిసెంబరు వచ్చేసరికి కొమ్ములు రాల్చేస్తాయి. ఆడవి మాత్రం చలికాలమంతా ఉంచుకుని, పిల్లను కనే రోజుల్లో రాలుస్తాయి. కాబట్టి డిసెంబరు 25న నిండు కొమ్ములతో ఉన్నవి చాలావరకు ఆడజింకలే అయి ఉండాలి, లేదా చిన్న వయసు మగవి. తల్లికి ఆ కొమ్ములు ఎందుకంటే, తను కష్టపడి మంచులో తవ్వుకున్న గుంట దగ్గరికి వేరే జింక వచ్చి మేత లాక్కోకుండా తరమడానికి. పొట్టలో పిల్ల ఉంది కదా, తిండి దానికి కూడా కావాలి. అమ్మనడిగి ఈ బొమ్మ వేసి పంపు.

ప్రశ్న: మన గిండీ జింకలకూ ఇదే గతి పడుతుందా? మా ఇంటి మేడ మీద నుంచి కనిపిస్తుంటాయి, దిగులుగా ఉంది.
(కోటూరుపురం, చెన్నై)

జవాబు: అవి వేరే జింకలు, వాటి కష్టాలు వేరు. గిండీలో మీరు ఎక్కువగా చూసేది చుక్కల దుప్పి. అది గడ్డి, ఆకు, రాలిన కాయ, పండు ఏది దొరికితే అది తింటుంది, మనుషుల పక్కన సర్దుకుపోతుంది. దానికి ఈ నగరంలో వచ్చే ప్రమాదాలు కుక్కలు, బండ్లు, కడుపులోకి పోయే ప్లాస్టిక్ సంచులు. ఈ మూడూ మనం తీర్చగలిగినవే. మేడ మీద నుంచి చూసే మీవంటివారు గోడ పక్కన చెత్త పడకుండా కనిపెట్టుకుని ఉంటే అది చిన్న సాయం కాదు.

నాకు ఎక్కువ దిగులు కృష్ణ జింక మీద. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కదా, తెలుగువాళ్ళం మరీ పట్టించుకోవాలి. అది పొద చాటున బతకదు, దూరం నుంచి శత్రువును చూసి పరుగెత్తి తప్పించుకునే జంతువు, దానికి విశాలమైన గడ్డినేల కావాలి. గిండీ పార్కు మొత్తం కలిపి మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు, అందులోనూ చెట్లూ పొదలూ మూసుకుపోయే కొద్దీ దాని చోటు కుంచించుకుపోతుంది. చెట్టు నాటడమే పుణ్యం అనుకునే మనకు గడ్డినేలను గడ్డినేలగా ఉంచడం కూడా సంరక్షణే అని చెప్పడం కష్టం. నేను ప్రతి ఏడూ విద్యార్థులకు చెప్పి చూశాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ప్రశ్న: ఇన్ని చావు కబుర్లు చదివాక అడుగుతున్నాను. బాగున్న మంద ఒక్కటీ లేదా? చెన్నైలో కూర్చుని మనం చేసేదేమైనా ఉందా?
(రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి, వెస్ట్ మాంబలం, చెన్నై)

జవాబు: రెండో ప్రశ్నకు ముందు. ఎన్నూరు దగ్గర బొగ్గు కాలి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఎన్నూరులో ఆగదండీ. అది కలిసే గాలి ఒకటే. మన ఇంటి కరెంటు, మన ప్రయాణం ఆ లెక్కలో ఉన్నాయి. తలకు ఇంత అని చూస్తే అమెరికావాళ్ళ వాటా మనకంటే ఎన్నో రెట్లు, ముందు తగ్గించాల్సింది వాళ్ళు. ఈ మాట అంటూనే మన వాటా మనం తగ్గించుకోవడం సబబని నా నమ్మకం. మీ మేడ మీద సోలార్ పలక పెట్టించుకునే వీలుంటే పెట్టించండి. దాని వల్ల రేపు యమల్‌లో వాన ఆగుతుందని మీకు చెప్పను. ఈ పని ఫలితం మన మనవల కాలానికి గాని కనిపించదు.

మొదటి ప్రశ్నకు, ఉన్నాయి. సముద్ర తీరం పక్కన ఉండే కొన్ని చిన్న మందలు కోలుకుంటున్నాయని 2024 నివేదికలోనే ఉంది. అలాస్కా, కెనడాలోని యూకాన్‌ల మధ్య తిరిగే పోర్క్యుపైన్ మంద 2017లో 2,18,000 అని తేలింది, చుట్టూ మిగతావి పడిపోతున్న రోజుల్లో అది పెరిగింది. దాని దారి పెద్దగా తెగకుండా మిగిలింది, అది ఈనే తీరమైదానంలో గనులూ రోడ్లూ లేవు. ఆ మంద మీద ఆధారపడ్డ గ్విచిన్ ప్రజలు ఆ మైదానాన్ని జీవం మొదలయ్యే పవిత్ర స్థలంగా చూసుకుంటారు, ఈనే రోజుల్లో అటు అడుగు పెట్టరు. నేల కింద చమురు ఉందని అమెరికాలో దశాబ్దాలుగా దాని మీద పోరు నడుస్తోంది. 2017లో వచ్చిన చట్టం అక్కడ చమురు లీజులకు దారి తీసింది, 2021 జనవరిలో తొలి వేలం జరిగింది. పెద్ద చమురు కంపెనీలు ముందుకు రాలేదు. తర్వాతి ప్రభుత్వం ఆ లీజుల్లో మిగిలినవాటిని 2023లో రద్దు చేసింది. ఆ తగువు ఇంకా ముగియలేదు. వాతావరణాన్ని చల్లబరచడం ఒక్క దేశం చేతిలో లేదు, ఈనే చోటును వదిలేయడం మాత్రం ఒక్క దేశం చేతిలోనే ఉంది. మీరు ఆ మంద పేరు వార్తల్లో చూస్తే ఆగి చదవండి, నాకూ రాయండి.

వచ్చే నెల పులికాట్ రాజహంసల మీద వచ్చిన ఉత్తరాలు తీసుకుంటాను. సూళ్ళూరుపేట నుంచి ఫొటోలు పంపినవారు తీసిన తేదీ, చోటు కూడా రాసి పంపాలి.